తినే కొవ్వు, కణం పొర, వైరస్: ఈ మూడింటి మధ్య సంబంధం ఎంతవరకు నిజం?

కోవిడ్ వచ్చినప్పటి నుంచి ఒక వాదన మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. మన కణాల చుట్టూ ఉండే పొర ప్రధానంగా కొవ్వు పదార్థాలతోనే తయారవుతుంది. వైరస్ కణంలోకి వెళ్లాలంటే ఆ పొరను దాటాలి. కాబట్టి తినే కొవ్వు మారిస్తే పొర మారుతుంది, పొర మారితే వైరస్‌కు దారి మూసుకుపోతుంది. దీన్ని నమ్మి ఒకరు చేప నూనె క్యాప్సూల్స్ వేసుకోమంటారు, ఇంకొకరు కొబ్బరినూనె తాగమంటారు, మరొకరు గింజల నూనెలన్నీ మానేయమంటారు. ఒకే వాదన నుంచి మూడు విరుద్ధమైన సలహాలు రావడం చూసి చాలామంది అయోమయంలో పడ్డారు.

ఈ వాదనలో మొదటి రెండు మాటలూ నిజమే. చిక్కంతా ఆ తర్వాత వచ్చే "కాబట్టి" దగ్గరే ఉంది. పళ్లెంలోని కొవ్వుకూ వైరస్ ఇన్ఫెక్షన్‌కూ మధ్య నాలుగైదు మెట్లున్నాయి. ఒక్కో మెట్టు దగ్గర కొంత ప్రభావం నిలుస్తుంది, కొంత జారిపోతుంది. కొన్నిచోట్ల దిశే మారిపోతుంది.

## పొర ఎలా ఉంటుంది

1925లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు డచ్ శాస్త్రవేత్తలు ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వు పదార్థాన్నంతా బయటకు తీసి నీటి మీద ఒక్క వరుస మందంతో పరిచారు. అది పరుచుకున్న వైశాల్యం ఆ కణాల ఉపరితల వైశాల్యానికి దాదాపు రెట్టింపు వచ్చింది. అంటే కణం చుట్టూ కొవ్వు అణువులు రెండు వరుసలుగా ఉన్నాయన్నమాట. వాళ్ల కొలతల్లో రెండు లోపాలు ఒకదాన్నొకటి సరిచేసుకున్నాయని తర్వాత తేలింది, కానీ నిర్ణయం మాత్రం సరైనదే. 1972లో సింగర్, నికల్సన్ అనే శాస్త్రవేత్తలు ఆ చిత్రాన్ని పూర్తి చేశారు. రెండు వరుసల కొవ్వు పొర ద్రవంలా కదులుతూ ఉంటుంది, అందులో ప్రొటీన్లు తేలుతూ తిరుగుతుంటాయి.

పొర మందం సుమారు 5 నానోమీటర్లు. అందులోని కొవ్వు అణువుల్లో ఎక్కువ భాగం ఫాస్ఫోలిపిడ్లే. ఒక్కో ఫాస్ఫోలిపిడ్‌కు నీటిని ఇష్టపడే తల ఒకటి, నీటికి దూరంగా ఉండే తోకలు రెండు ఉంటాయి. ఆ తోకలే ఫాటీ యాసిడ్లు, అంటే కొవ్వు ఆమ్లాలు. తినే కొవ్వుకూ పొరకూ బంధుత్వం ఈ తోకల ద్వారానే. నూనెలోనూ వెన్నలోనూ ఉండేది ఈ ఫాటీ యాసిడ్లే కాబట్టి, తిన్నవాటిలో కొన్ని తోకలుగా పొరలోకి చేరే వీలుంది.

## ఒక చిన్న వంపు తెచ్చే తేడా

ఫాటీ యాసిడ్ అంటే ప్రధానంగా కార్బన్ పరమాణువుల గొలుసు. గొలుసులో ఎక్కడా డబుల్ బాండ్ (రెండు కార్బన్ల మధ్య జంట బంధం) లేకపోతే అది సంతృప్త కొవ్వు. ఒక డబుల్ బాండ్ ఉంటే ఏక అసంతృప్త కొవ్వు, రెండు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే బహుళ అసంతృప్త కొవ్వు. ప్రకృతిలో దొరికే కొవ్వుల్లో డబుల్ బాండ్ ఉన్నచోట గొలుసు సాధారణంగా వంగుతుంది. నిటారు కట్టెలను మోపుగా బిగించి కట్టవచ్చు, వంకర కట్టెలు మోపులో ఒదగవు. ఈ గొలుసుల సంగతీ అంతే.

18 కార్బన్లున్న నాలుగు ఫాటీ యాసిడ్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. డబుల్ బాండ్ అసలు లేని స్టియరిక్ ఆమ్లం కరగాలంటే సుమారు 69 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఒక్క డబుల్ బాండ్ ఉన్న ఓలియిక్ ఆమ్లం దాదాపు 13 డిగ్రీలకే కరుగుతుంది. రెండు ఉన్న లినోలియిక్ ఆమ్లం మైనస్ 5 దగ్గర, మూడు ఉన్న ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం మైనస్ 11 దగ్గర కరుగుతాయి. గొలుసు పొడవు నాలుగింటికీ ఒకటే. మొదటి వంపు ఒక్కటే 50 డిగ్రీలకు పైగా తేడా తెచ్చింది, ఆ తర్వాతి వంపుల ప్రభావం క్రమంగా తగ్గింది. ఈ వివరం గుర్తుంచుకోవాలి. చేప నూనెలో ఉండే ఒమేగా-3 అనే బహుళ అసంతృప్త కొవ్వు తింటే పొరలన్నీ పలచబడిపోతాయని చెప్పేవాళ్లు ప్రతి వంపుకూ సమానమైన ప్రభావం ఉంటుందని అనుకుంటారు.

పొరలో ఇంకో ముఖ్యమైన అణువు కొలెస్ట్రాల్. కణం బయటి పొరలోని కొవ్వు అణువుల్లో దాదాపు మూడో వంతు, కొన్ని కణాల్లో అంతకన్నా ఎక్కువ అదే. పొర మరీ జారుగా ఉంటే బిగిస్తుంది, మరీ గడ్డకట్టబోతే అడ్డుపడుతుంది. దాన్ని కేవలం గుండెకు శత్రువుగా చూడటం అలవాటైంది కానీ, అది లేకుండా మన కణం పొర నిలబడదు.

## నోట్లోంచి పొర దాకా ప్రయాణం

ఒక చెంచా నూనె తిన్నాం అనుకుందాం. పేగులో ఎంజైమ్‌లు ఆ కొవ్వును ముక్కలు చేస్తాయి. పేగు గోడలోని కణాలు ఆ ముక్కలను మళ్లీ కలిపి, కైలోమైక్రాన్లు అనే రేణువులుగా కట్టి లింఫ్ ద్వారా రక్తంలోకి పంపుతాయి. అక్కడి నుంచి ఎక్కువ భాగం కండరాల్లో ఇంధనంగా ఖర్చవుతుంది, లేదా కొవ్వు కణజాలంలో నిల్వకు పోతుంది. పొరల నిర్మాణానికి వెళ్లేది కొంత మాత్రమే.

ఆ కొంత కూడా వెంటనే కనిపించదు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. చేప నూనె మొదలుపెట్టిన మనిషి రక్తకణాల పొరల్లో ఈపీఏ, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 ఆమ్లాల వాటా వారాలు, నెలల మీదుగా పెరుగుతూ పోతుంది. అందుకే ఈ వాటాను ఒమేగా-3 ఇండెక్స్ పేరుతో ఒక కొలమానంగా వాడాలని 2004లో హారిస్, వాన్ షాకీ ప్రతిపాదించారు. కొవ్వు కణజాలంలోని లినోలియిక్ ఆమ్లం అయితే మరీ నిదానం. అందులో సగం మారడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది. కాబట్టి జలుబు మొదలయ్యాక నూనె మార్చి పొరను మార్చేద్దామనుకోవడం కుదరని పని.

ఇక్కడ తిరుగులేని వాస్తవం ఒకటుంది. లినోలియిక్ ఆమ్లం, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం మన శరీరం తయారుచేసుకోలేదు. ఈ రకం కొవ్వు ఆహారంలో తప్పనిసరని 1929లో బర్ దంపతులు ఎలుకల మీద చూపించారు. కొవ్వు అసలు లేని ఆహారం పెడితే ఎలుకల చర్మం పొలుసులు కట్టింది, ఎదుగుదల ఆగింది. కాబట్టి తినే కొవ్వుకూ పొరకూ సంబంధమే లేదనడం కూడా తప్పే. లోపం ఏర్పడితే పొరలు నిజంగానే దెబ్బతింటాయి. మామూలుగా తినే మనిషి దానికి ఇంకొంచెం చేరిస్తే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం పుడుతోంది.

## కణం ఊరుకోదు

కణానికి తన పొర మెత్తదనం ప్రాణసమానం. 1974లో సినెన్స్కీ అనే శాస్త్రవేత్త ఈ.కోలై బ్యాక్టీరియాను వేర్వేరు ఉష్ణోగ్రతల్లో పెంచాడు. వేడి పెరిగినప్పుడు అది సంతృప్త కొవ్వును ఎక్కువగా, చల్లబడినప్పుడు అసంతృప్త కొవ్వును ఎక్కువగా పొరలో పెట్టుకుంది. ఉష్ణోగ్రత ఎలా మారినా పొర ద్రవత్వం మాత్రం దాదాపు ఒకేలా ఉండిపోయింది.

మన శరీర ఉష్ణోగ్రత అంతగా మారదు కానీ తిండి మారుతుంది. మన కణాలు దాన్నీ సర్దుకుంటాయి. 2012లో ఆస్ట్రేలియాకు చెందిన అబాట్, హల్బర్ట్ బృందం ఎలుకలకు 12 రకాల ఆహారాలు పెట్టింది. వాటిలో మొత్తం కొవ్వు సమానం, కొవ్వు రకమే వేరు. ఆహారంలో సంతృప్త కొవ్వు, ఏక అసంతృప్త కొవ్వు బాగా మారినా పొరల్లో వాటి వాటా పెద్దగా కదల్లేదు. బహుళ అసంతృప్త కొవ్వుల్లో ఒమేగా-3, ఒమేగా-6 అనే రెండు రకాల మధ్య నిష్పత్తి మాత్రం ఆహారాన్ని బట్టి స్పష్టంగా మారింది. ఈ ఒక్క ఫలితం చాలా వాదనలకు హద్దు గీస్తుంది. వెన్న తిన్నంత మాత్రాన పొర గట్టిపడిపోదు. చేప నూనె తింటే మాత్రం పొరలోని తోకల రకం మారుతుంది.

తోకలు మారినా మెత్తదనం మారుతుందా? 2020లో లెవెంటల్ బృందం దీన్నే పరిశీలించింది. క్షీరద కణాలకు డీహెచ్‌ఏ లాంటి బహుళ అసంతృప్త ఆమ్లాలు అందిస్తే అవి పొరలోకి చేరాయి. వెంటనే కణాలు సంతృప్త తోకలున్న కొవ్వులనూ కొలెస్ట్రాల్‌నూ పెంచి పొర లక్షణాలను పాత స్థితికి తెచ్చుకున్నాయి. అలా సర్దుకోకుండా అడ్డుపడితే కణాలు దెబ్బతిన్నాయి.

కొలెస్ట్రాల్ విషయంలోనూ ఇంతే. శరీరానికి కావలసినదాంట్లో ఎక్కువ భాగాన్ని శరీరమే తయారుచేసుకుంటుంది. తిండిలో పెరిగితే తయారీ తగ్గిస్తుంది, తగ్గితే పెంచుతుంది. ఈ సర్దుబాటు అందరిలో ఒకేలా ఉండదు, అందుకే రక్తంలోని కొలెస్ట్రాల్ తిండితో కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ కదులుతుంది. కణం పొరలోని కొలెస్ట్రాల్‌ను మాత్రం ప్రతి కణమూ విడిగా, గట్టిగా అదుపులో పెట్టుకుంటుంది.

## వైరస్‌కు కొవ్వుతో పనేంటి

అన్ని వైరస్‌లూ ఒకటి కావు. ఫ్లూ, హెచ్‌ఐవీ, డెంగీ, కరోనా వైరస్‌ల చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. పోలియో, నోరో, రోటా వైరస్‌లకు అది ఉండదు, ప్రొటీన్ కవచం మాత్రమే ఉంటుంది. అందుకే ఆల్కహాల్ శానిటైజర్ కరోనా మీద బాగా పనిచేస్తుంది, నోరో మీద అంతగా పనిచేయదు. "ఈ నూనె వైరస్‌లను చంపుతుంది" అని ఎవరైనా అంటే మొదట అడగవలసింది ఏ వైరస్‌నని.

కొవ్వు పొర ఉన్న వైరస్ దాన్ని తనంతట తాను తయారుచేసుకోదు, మన కణం నుంచే తీసుకుంటుంది. ఫ్లూ, హెచ్‌ఐవీ వైరస్‌లు కణం బయటి పొరను చుట్టుకుని బయటపడతాయి. కరోనా, డెంగీ వైరస్‌లు కణం లోపలి పొరల నుంచి తీసుకుంటాయి. హెచ్‌ఐవీ పొరలో కొలెస్ట్రాల్ వాటా అది బయటపడిన కణం పొరలో కన్నా ఎక్కువగా ఉంటుంది. కొలెస్ట్రాల్ దట్టంగా ఉన్న చోట్ల నుంచే ఆ వైరస్ బయటకు వస్తుందనడానికి ఇది ఒక ఆధారం. ల్యాబ్‌లో సైక్లోడెక్స్ట్రిన్ అనే రసాయనంతో ఆ కొలెస్ట్రాల్‌ను లాగేస్తే వైరస్‌కు ఇన్ఫెక్షన్ కలిగించే శక్తి పడిపోతుంది.

లోపలికి ప్రవేశించే ఘట్టం ఇంకా ఆసక్తికరం. ఫ్లూ వైరస్‌ను కణం ఒక సంచిలో లోపలికి తీసుకుంటుంది. ఆ సంచిలో ఆమ్లత్వం పెరగగానే వైరస్ ప్రొటీన్ ఆకారం మార్చుకుని తన పొరనూ సంచి పొరనూ దగ్గరికి లాగుతుంది. ముందు ఎదురెదురుగా ఉన్న వరుసలు కలుస్తాయి, తర్వాత రంధ్రం తెరుచుకుంటుంది. అలా కలవాలంటే పొర బాగా వంగాలి, కాబట్టి కొవ్వు అణువుల ఆకారం ఇక్కడ లెక్కలోకి వస్తుంది. తల పెద్దదై ఒకే తోక ఉన్న లైసోలిపిడ్లను బయటి వైపు చేరిస్తే ఆ కలయిక ఆగుతుందనీ, వంకర తోకలున్న ఆమ్లాలు దాన్ని సులభం చేయగలవనీ ప్రయోగాలు చూపించాయి. అంటే పొర ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదని అనడానికి వీల్లేదు, ఈ ఘట్టంలో మెత్తదనం వైరస్‌కే కలిసిరావచ్చు.

ఈ అవకాశాన్ని మన శరీరమూ వదులుకోలేదు. వైరస్ రాకను పసిగట్టిన కణాలు ఇంటర్‌ఫెరాన్ సంకేతం పంపుతాయి. దానికి స్పందించి పక్క కణాలు ఐఎఫ్ఐటీఎం3 అనే ప్రొటీన్‌ను పెంచి సంచి పొర సులభంగా కలవకుండా చేస్తాయి. 25-హైడ్రాక్సీకొలెస్ట్రాల్ అనే అణువును కూడా తయారుచేస్తాయి, అది బయటి పొరలో వైరస్‌కు అందుబాటులో ఉండే కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. పొరను వైరస్‌కు వ్యతిరేకంగా మార్చడమన్నది శరీరం నిజంగానే చేస్తుంది. అయితే అది అవసరమైన చోట, అవసరమైన గంటల్లో, లోపలి నుంచి చేసే మార్పు.

లోపలికి వెళ్లాకా వైరస్‌కు కొవ్వు కావాలి. డెంగీ వైరస్ కణంలో కొవ్వు తయారుచేసే ఎంజైమ్‌ను తన స్థావరాల దగ్గరికి లాక్కుంటుంది, నిల్వ కొవ్వు చుక్కలను కరిగించి శక్తిగా వాడుకుంటుంది. హెపటైటిస్ సీ వైరస్ మన లివర్ కొవ్వును రక్తంలోకి పంపే దారినే పట్టుకుని బయటకు వస్తుంది.

## ల్యాబ్ పళ్లెంలో నిజం, భోజనం పళ్లెంలో?

2020లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలతో కూడిన బృందం ఒక ఆశ్చర్యకరమైన విషయం బయటపెట్టింది. కరోనా వైరస్ మీద ముల్లులా ఉండే స్పైక్ ప్రొటీన్‌లో ఒక చిన్న గుంట ఉంది, అందులో లినోలియిక్ ఆమ్లం సరిగ్గా ఇముడుతుంది. అది ఇమిడినప్పుడు స్పైక్ మూసుకున్న ఆకారంలో ఉండిపోతుంది, మన కణం మీది ఏసీఈ2 ప్రొటీన్‌ను (వైరస్ లోపలికి రావడానికి పట్టుకునే పిడిని) పట్టుకోవడం తగ్గుతుంది. ల్యాబ్ కణాల్లో రెమ్డెసివిర్ అనే వైరస్ మందుతో కలిపి ఇస్తే వైరస్ ఇంకా తగ్గింది.

అయితే లినోలియిక్ ఆమ్లం ఉన్న నూనె ఎక్కువ తింటే కోవిడ్ రాదా? ఇక్కడ లెక్క జాగ్రత్తగా చూడాలి. స్పైక్‌లో ఇమిడేది విడిగా ఉన్న ఆమ్లం. నూనెలోనిదీ, పొరలోనిదీ, నిల్వ కొవ్వులోనిదీ దాదాపుగా వేరే అణువులతో అతుక్కుని ఉంటుంది. రక్తంలో విడిగా తిరిగే కొద్దిపాటి ఆమ్లాన్ని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పట్టుకుని ఉంటుంది. పైగా ఈ ఆమ్లం ఆహారంలో ఇప్పటికే మామూలుగా దొరుకుతుంది, అది తినేవాళ్లకూ కోవిడ్ వచ్చింది. మందు తయారీకి ఆ గుంట ఒక మంచి గురి. నూనె ఎంచుకోవడానికి మాత్రం అది ఆధారం కాదు.

కొబ్బరినూనె వాదన కూడా ఇలాంటిదే. అందులోని లారిక్ ఆమ్లం నుంచి వచ్చే మోనోలారిన్, కొవ్వు పొర ఉన్న వైరస్‌లను ల్యాబ్‌లో నేరుగా తాకినప్పుడు ఛిద్రం చేస్తుంది. తిన్నాక మాత్రం లారిక్ ఆమ్లంలో కొంత నేరుగా లివర్‌కు చేరి ఇంధనంగా ఖర్చవుతుంది, పొరల్లో దానికి చోటు చాలా తక్కువ. నేరుగా తాకే పరిస్థితి సహజంగా ఉన్న చోటు ఒకటుంది. తల్లిపాలలోని కొవ్వు పసిబిడ్డ కడుపులో జీర్ణమైనప్పుడు విడుదలయ్యే ఫాటీ యాసిడ్లు అక్కడికక్కడే ఇలాంటి వైరస్‌లను నిర్వీర్యం చేయగలవు.

ల్యాబ్ కణాల గురించి ఇంకో మాట. వాటిని సాధారణంగా పెంచే ద్రవంలో బహుళ అసంతృప్త ఆమ్లాలు శరీరంలో కన్నా తక్కువ. ఆకలితో ఉన్న కణానికి ఒకేసారి ఎక్కువ ఆమ్లం ఇస్తే కనిపించే మార్పు, తిని బతికే మనిషిలో కనిపించాలని లేదు.

## చేప నూనె కథలో రెండు ముగింపులు

తినే కొవ్వు నిజంగా ప్రభావం చూపే దారి నా ఉద్దేశంలో వేరే ఉంది. పొరలోని తోకలు సంకేతాలకు ముడిసరుకు కూడా. ఒక కణానికి గాయమో ఇన్ఫెక్షనో అయితే ఎంజైమ్‌లు పొర నుంచి అరాకిడోనిక్ ఆమ్లం అనే ఒమేగా-6 తోకను కోసి ప్రోస్టాగ్లాండిన్లుగా మారుస్తాయి. జ్వరం, నొప్పి, ఇన్‌ఫ్లమేషన్ (గాయానికీ ఇన్ఫెక్షన్‌కూ శరీరం వాపుతో స్పందించడం) చాలావరకు వీటి పనే. ఈ పరిశోధనకే 1982లో బెర్గ్‌స్ట్రామ్, శామ్యుయెల్సన్, వేన్‌లకు నోబెల్ వచ్చింది. పొరలో ఈపీఏ, డీహెచ్‌ఏ ఎక్కువైతే ఈ సంకేతాలు మెత్తబడతాయి, ఇన్‌ఫ్లమేషన్‌ను చల్లార్చే రిజాల్విన్లు, ప్రొటెక్టిన్లు పుడతాయి. పొర ద్రవత్వాన్ని కణం కాపాడుకోగలదు కానీ, కోసినప్పుడు ఏ తోక చేతికొస్తుందన్నది తిండి మీద కొంత ఆధారపడుతుంది.

ఇన్‌ఫ్లమేషన్ తగ్గడం ఎప్పుడూ మంచిదేనా? 2009లో ఒక బృందం చేప నూనె కలిపిన ఆహారం తిన్న ఎలుకలకు ఫ్లూ వైరస్ ఎక్కించింది. వాటి ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫ్లమేషన్ తక్కువగా ఉంది. వైరస్ మాత్రం ఎక్కువగా పెరిగింది, చావులూ ఎక్కువయ్యాయి. 2013లో ఇంకో బృందం డీహెచ్‌ఏ నుంచి పుట్టే ప్రొటెక్టిన్ డీ1 ఫ్లూ వైరస్ పెరుగుదలను అడ్డుకుంటుందని, తీవ్రంగా జబ్బుపడిన ఎలుకలను కాపాడుతుందని చూపించింది.

రెండూ నిజం కావచ్చు. మొదటి ప్రయోగంలో చేప నూనె ఇన్ఫెక్షన్‌కు ముందు నుంచీ తిండిలో ఉంది, తొలి రోజుల్లో వైరస్‌ను తరమాల్సిన కణాల రాకను అది మందగింపజేసి ఉండవచ్చు. రెండోదాంట్లో తయారైన అణువునే మందులా ఎక్కించారు. ముడిసరుకు తిన్నంత మాత్రాన కావలసిన చోట, కావలసిన సమయంలో ఆ అణువు అంత మోతాదులో పుడుతుందన్న హామీ లేదు.

## మనుషుల్లో పరీక్షిస్తే

నార్వేలో 2020-21 చలికాలంలో సుమారు 35 వేల మంది పెద్దవాళ్ల మీద ఒక ట్రయల్ జరిగింది. సగం మందికి రోజూ 5 మిల్లీలీటర్ల కాడ్ లివర్ ఆయిల్ (కాడ్ చేప కాలేయం నుంచి తీసే నూనె), మిగతా సగానికి మొక్కజొన్న నూనె ఇచ్చారు. కాడ్ లివర్ ఆయిల్‌లో ఈపీఏ, డీహెచ్‌ఏతో పాటు విటమిన్ డీ కూడా ఉంటుంది. ఆరు నెలల దాకా గమనించినా కోవిడ్‌లో గానీ, ఇతర శ్వాసకోశ ఇన్ఫెక్షన్లలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2022లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

కొలెస్ట్రాల్ వైపు నుంచి, దాని తయారీని తగ్గించే స్టాటిన్ మందులను కూడా ఆస్పత్రిలో చేరిన కోవిడ్ రోగుల మీద పరీక్షించారు. ఇరాన్‌లో జరిగిన అటోర్వాస్టాటిన్ ట్రయల్‌లో స్పష్టమైన మేలు తేలలేదు. 2023లో వెలువడిన సింవాస్టాటిన్ ట్రయల్‌లో తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లకు మేలు జరిగే సూచన బలంగానే కనిపించింది, కానీ ముందే నిర్ణయించుకున్న రుజువు ప్రమాణాన్ని అది అందుకోలేదు. పైగా స్టాటిన్లు ఇన్‌ఫ్లమేషన్‌నూ తగ్గిస్తాయి కాబట్టి, మేలు ఉన్నా అది పొర వల్లేనని చెప్పలేం.

తిండి ప్రభావం ఉంటుందనేవాళ్లకు ఇక్కడ న్యాయమైన అభ్యంతరాలున్నాయి. నార్వేలో చేపలు తినే అలవాటు ఎక్కువ, పొరల్లో ఒమేగా-3 ముందే సరిపడా ఉన్నవాళ్లకు ఇంకొంత చేర్చితే ఏం తెలుస్తుంది? ఆరు నెలలు చాలునా? పోల్చడానికి వాడిన మొక్కజొన్న నూనె కూడా కొవ్వే కదా? లోపం ఉన్నవాళ్లను ఎంచుకుని, వాళ్ల పొరల్లో మార్పును కొలుస్తూ, ఇన్ఫెక్షన్లనూ లెక్కిస్తే ఫలితం వేరుగా రావచ్చు. ఈ అభ్యంతరాలు కొట్టిపారేయదగ్గవి కావు. అవతలివాళ్ల మాటలోనూ బలముంది. ప్రభావం పెద్దదైతే వేల మందిలో ఎంతోకొంత కనిపించి ఉండాలి, కణం తన పొరను ఇంత గట్టిగా కాపాడుకుంటుందని తెలిశాక కనిపించకపోవడం వింతేమీ కాదు. నాకు రెండో వాదన ఎక్కువ బలంగా తోస్తుంది, లోపం ఉన్నవాళ్ల ప్రశ్నను మాత్రం పక్కన పెట్టి.

ఈలోగా పొర గురించి తెలిసిన విషయాలు మరో దారిలో అక్కరకు వస్తున్నాయి. కరోనా వైరస్ పొర కణం పొరతో కలవకుండా అడ్డుపడే ఒక పెప్టైడ్‌ను (చిన్న ప్రొటీన్ ముక్కను) తయారుచేసి, దానికి కొలెస్ట్రాల్‌ను అతికించారు. కొలెస్ట్రాల్ భాగం కణం పొరలో దిగి లంగరు వేస్తుంది, పెప్టైడ్ భాగం స్పైక్‌ను పట్టుకుంటుంది. ఫెర్రెట్ అనే జంతువుల ముక్కులో దీన్ని వేసి, జబ్బుపడ్డ ఫెర్రెట్లతో ఒకే బోనులో ఉంచితే వాటికి ఇన్ఫెక్షన్ సోకలేదు. 2021లో ఈ ఫలితం వచ్చింది.